కంప్లైంట్ రిజిస్టర్ లేని కొట్టు

ఇప్పుడు మీకొక మహాయుద్ధం కథ చెప్పబోతున్నాను. ఇందులో సేనలున్నాయి, వ్యూహాలున్నాయి, నమ్మినవాడు చేసిన ద్రోహం ఉంది, ఆఖరి ఘడియలో సాయానికొచ్చిన మిత్రబలగం ఉంది. సూర్యుడు అస్తమించేలోపు తేలిపోవలసిన గెలుపోటములున్నాయి. చదివాక మీకు రోమాలు నిక్కబొడుచుకోకపోతే నన్నడగండి.

సరే, అంత లేదు. ఇది ఇడ్లీ పిండి రుబ్బిన కథ. సేనలంటే బీబీఏ ఆఖరి సంవత్సరం పిల్లలు ఇద్దరు. ద్రోహం చేసింది గ్రైండరు. సూర్యాస్తమయం ఒక్కటే నిజం, ఆ వేళ కూడా అయింది.

ముందు నా గురించి. నేను రిటైరైన లెక్చరర్ని. వయసు ముప్పై ఒకటి. నవ్వకండి. కాంట్రాక్టు మీద ఆరు సెమిస్టర్లు పాఠం చెప్పాను. తర్వాత కాంట్రాక్టు రిటైరైంది, దానితోపాటు నేనూ అయ్యాను. సన్మానం జరగలేదు కానీ, ఆ రోజు స్టాఫ్ రూములో సమోసాలు పెట్టారు. అవి వేరే ఎవరిదో పుట్టినరోజు సమోసాలు. ఇప్పుడు నా పాత పేపరు చెప్పడానికి కొత్తగా చేరుతున్న కుర్రాళ్ళు ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, "అన్నా, ఇది పిల్లలకి ఎలా చెప్పాలి?" అని అడుగుతున్నారు. వచ్చిన ప్రతివాడికీ టీ పెట్టి మరీ చెప్పే ఓపిక లేక, రాసి పారేస్తున్నాను.

ఈ కథ జరిగేనాటికి ఛత్తీస్‌గఢ్ పుట్టి రెండేళ్ళో మూడేళ్ళో. భిలాయిలో ఆఫీసు బోర్డుల మీద పాత రాష్ట్రం పేరుకి రంగు పూసి కొత్త పేరు రాశారు. ఎండ ఏటవాలుగా పడితే కింద పాత పేరు కూడా కనిపించేది. మా కాలేజీలోనూ సరిగ్గా అదే జరిగింది. ఒక పాత కామర్స్ పేపరుకి సున్నం కొట్టి పైన 'బిజినెస్ ప్లానింగ్' అని రాశారు. రాశాక, దీన్ని ఎవరు చెబుతారా అని చుట్టూ చూశారు. ఆ సమయానికి తల దించుకోవడం తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే.

నా వ్యాపార అనుభవం గురించి కూడా చెప్పాలి. జీవితంలో నేను అమ్మినది ఒకే ఒక్క వస్తువు, మా నాన్న పాత సైకిలు. మూడో రోజు కొన్నవాడే దాన్ని నడిపించుకుంటూ తెచ్చి మా గోడకి ఆనించి వెళ్ళిపోయాడు.

"నయా రాజ్య హై, కుఛ్ నయా కీజియే" అన్నారు ప్రిన్సిపాల్ గారు. కొత్త రాష్ట్రం కదా, కొత్తగా ఏదైనా చెయ్యండి అని. ఆయన ఆలోచన కూడా ఆయనే చెప్పారు. పుస్తకం మూసెయ్యాలి. ఊళ్ళో అప్పుడే వ్యాపారం మొదలుపెట్టే మనుషుల్ని వెతకాలి. ఒక్కొక్కరి దగ్గరికి ఇద్దరేసి పిల్లల్ని పంపాలి. ప్లాను పిల్లలు రాస్తారు, వ్యాపారం వాళ్ళు చేసుకుంటారు, మార్కులు నేను వేస్తాను. మంచి ఆలోచనే. అందుకే నాకు అనుమానం వచ్చింది.

నేను చెప్పబోయే ఇద్దరికి దొరికిన వ్యాపారవేత్త స్టీలు ప్లాంటు టౌన్‌షిప్ సెక్టర్ 6లో మా వెనక క్వార్టర్ల లైన్లో ఉండే ఆవిడ. విజయనగరం వైపు మనిషి. భర్త రోలింగ్ మిల్లులో షిఫ్టుల ఉద్యోగి. నేను ఆవిణ్ణి అక్కా అనేవాణ్ణి, నా స్టూడెంట్లు ఆంటీ అనేవాళ్ళు, ఆవిడ మా ముగ్గుర్నీ కలిపి గుంటలు అనేది, వాళ్ళవైపు పిల్లలంటే అదే మాట. ఇడ్లీ పిండి, దోశె పిండి రుబ్బి అమ్మాలని ఆవిడ కోరిక. కంపెనీ క్వార్టర్లో వ్యాపారం కుదరదు కాబట్టి టౌన్‌షిప్ బయట పవర్ హౌస్ మార్కెట్ సందులో చిన్న కొట్టు అద్దెకి తీసుకుంది. పెద్ద గ్రైండరు కొంది. మనిషి తలుచుకుంటే ఇంకేం కావాలి? ఆర్డర్లు కావాలి. అవి లేవు.

మొదటి రోజు నా ఇద్దరు స్టూడెంట్లలో అమ్మాయి నోటుబుక్కు తెరిచి, శిక్షణ ప్రకారం, "ఆంటీ, ఆప్‌కా విజన్ ఏంటి?" అని అడిగింది. ఈ అమ్మాయి పుట్టింది, పెరిగింది సెక్టర్లోనే. తెలుగు వాళ్ళమ్మ తిట్టేటప్పుడు విన్నంత మేరకు వచ్చు.

"ఇజనేటమ్మా?"

"అంటే... ఎందుకు చెయ్యాలనుకుంటున్నారు, అని."

ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంది. "ఇరవయ్యేళ్ళ బట్టీ ఆ ప్లాంటు సైరను మోగితే వండతన్నాను, మోగితే వడ్డిత్తన్నాను. నాకంటూ ఒక సైరను కావాల. రాసుకో."

అమ్మాయి రాసుకుంది. సరంజామా పేజీలో రాసింది. 'సైరను, ఒకటి.'

భర్త పెట్టిన షరతు కూడా ఆవిడే చెప్పింది. "మూడు నెలలు సూడు, ఖాయమైన ఆర్డరు ఒక్కటి రాకపోతే కొట్టు కాళీ చేసెయ్" అన్నాడట. ఈవిడ సరేనంది. అందుకే కొట్టుకి పేరు కూడా రాయించలేదు. తెల్ల రంగు వేసిన రేకు బోర్డు ఒకటి మొహం గోడవైపు తిప్పుకుని నిలబడి ఉండేది. సందు చివర పెయింటరు రోజూ వెళ్తూ, "దీదీ, క్యా లిఖూఁ?" అనేవాడు, ఏం రాయమంటావని. "అప్పుడే కాదు. ఆర్డరు రానీ. రాకపోతే ఆ రేకు ఇంటికట్టుకెళ్ళి పాదుకి తడక కట్టేత్తాను" అనేది ఈవిడ. ఆ పెయింటరుకి తెలుగు రాదు. అయినా రోజూ అడిగేవాడు, రోజూ అర్థమైనట్టే వెళ్ళేవాడు.

మా వాళ్ళు నలభై పేజీల ప్లాను రాశారు. రెండోవాడు పొడుగ్గా ఉంటాడు, వాడికి చార్టులంటే ప్రాణం. ఇడ్లీని కూడా ముక్కలు కోసి, ఏ ముక్క ఏ వయసువాళ్ళు తింటారో రంగులేశాడు. ప్లానంతా గుండ్రంగా, అందంగా ఉంది. కరెంటు బిల్లు, నీళ్ళ బిల్లు మాత్రం అందులో లేవు. ఆ రెండూ నాన్న జీతం కాగితంలో ఎక్కడో ఒక మూల ఉంటాయని తప్ప, మనిషి వెళ్ళి కట్టేవని ఆ పిల్లలకి తెలియదు. వాళ్ళకి తెలియదని నాకు తెలియలేదు, ఎందుకంటే నాకూ తెలియదు.

వైవాకి రెండో ఎగ్జామినరుగా మా అకౌంట్స్ లెక్చరర్ వచ్చాడు. బెంగాలీ పెద్దమనిషి, రిటైర్మెంటుకి దగ్గరపడ్డాడు, అంటే నాకన్నా వెనకబడ్డాడు. ప్లాను మొత్తం తిరగేసి, కళ్ళజోడు తీసి, "ఇందులో చెడ్డవార్త ఏదీ?" అన్నాడు. "మంచివార్తలు మాత్రమే ఉన్నది ప్లాను కాదు, పెళ్ళికార్డు. చెప్పండి, గ్రైండరు పాడైతే?"

మా అమ్మాయి కంగారుపడలేదు. ముప్పై ఒకటో పేజీ తీసి గట్టిగా చదివింది. 'యంత్రం పాడైన పక్షంలో, వెంటనే కంప్లైంట్ రిజిస్టర్లో రాయబడును.'

టౌన్‌షిప్ బయట పెరిగినవాళ్ళకి ఇక్కడ ఒక ముక్క చెప్పాలి. క్వార్టర్లో కుళాయి కారినా, ఫ్యాను ఆగినా, తలుపు గడియ ఊడినా మేం చేసే పని ఒకటే. మెయింటెనెన్సు ఆఫీసుకి వెళ్ళి రిజిస్టర్లో రాసి రావడం. భుజాన సంచీతో ఒక మనిషి వస్తాడు, బాగుచేస్తాడు, సంతకం పెట్టించుకుంటాడు, పోతాడు. మా నాన్నల తరం రాసింది, మేమూ రాస్తున్నాం. బయటవాళ్ళు దేవుడికి మొక్కుకుంటారు, మేం రిజిస్టర్లో రాస్తాం. రెండింట్లోనూ కాస్త ఆలస్యం ఉంటుంది, అంతే తేడా.

"వెరీ గుడ్" అన్నాడు అకౌంట్స్ సారు. ఆయనా క్వార్టర్లోనే ఉంటాడు. నేను ఆ పేజీకి పదికి తొమ్మిది వేశాను. ఒక మార్కు దస్తూరి బాగాలేదని కోశాను. పవర్ హౌస్ మార్కెట్లో ఒక కొట్టుకి రిజిస్టరు ఎవరు పెడతారు అన్న ప్రశ్న ఆ గదిలో అయిదుగురిలో ఒక్కరికీ రాలేదు. చదువురానివాళ్ళం అనుకుందామంటే, అదీ కాదు. ఇద్దరం పాఠాలు చెప్పేవాళ్ళం.

అయిదో మనిషి మా వ్యాపారవేత్తే. ఆవిడా తలూపింది. ఇరవయ్యేళ్ళ అలవాటు కదా.

మూడు నెలల గడువులో ఇక వారం మిగిలిందనగా ఆర్డరు వాసన తగిలింది. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీ క్యాంటీను. నడిపే కాంట్రాక్టరు మాట తక్కువ మనిషి. "సోమవారం పొద్దున ఆరింటికి రెండు పెద్ద డబ్బాల పిండి పట్రండి. ఇడ్లీ బాగుంటే రోజూ మీదే. బాగోకపోతే ఇంకోడున్నాడు" అని హిందీలో చెప్పి, రెండోసారి చెప్పకుండా వెళ్ళిపోయాడు.

ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి కొట్లో చేరాం. ఆవిడ, నేను, నా ఇద్దరు స్టూడెంట్లు. ఫిబ్రవరి చివర, ఎండ అప్పుడే కాస్త కరుకెక్కుతోంది. పొద్దున నానబోసిన పప్పు, బియ్యం బకెట్లలో ఉబ్బి ఉన్నాయి. పిండి రాత్రంతా పులియాలి, అంటే సాయంత్రానికల్లా రుబ్బడం అయిపోవాలి. మా పొడుగువాడు గోడకి టైంటేబులు అతికించాడు. ఆవిడ స్విచ్చి వేసింది. గ్రైండరు తిరిగింది. అమ్మాయి చప్పట్లు కొట్టింది. పది నిమిషాలు తిరిగి, ఆగిపోయింది.

చప్పట్లు కూడా ఆగాయి.

స్విచ్చి ఆపాం, వేశాం. ఆపాం, వేశాం. పొడుగువాడు గ్రైండరు చుట్టూ ప్రదక్షిణం చేశాడు. నేను దాని నెత్తిన చెయ్యి వేసి చూశాను, జ్వరమేమైనా ఉందేమోనని. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది, అంటే కరెంటుంది. కాబట్టి గ్రైండరు పోయింది. ఇంత స్పష్టమైన తర్కం నేను క్లాసులో కూడా ఎప్పుడూ చెప్పలేదు.

మా అమ్మాయి పెన్ను తీసింది. "సర్, కంప్లైంట్ రిజిస్టర్ ఎక్కడ?"

అది వినగానే ముప్పై ఒకటో పేజీ కళ్ళముందు కనిపించింది, నా తొమ్మిదితో సహా. అయినా ఆశ చావదు కదా. పక్కనే బట్టలకొట్టు. ఆ సేఠే ఈ కొట్టుకి ఓనరు. వెళ్ళి మర్యాదగా అడిగాం.

"రిజిస్టర్?" అన్నాడు సేఠు. "కౌన్‌సా రిజిస్టర్?"

"అదే, ఏదైనా పాడైతే రాస్తే మనిషి వస్తాడు కదా, ఆ రిజిస్టర్."

సేఠు లోపలికి తిరిగి, "అరే సునో, సెక్టర్ వాలే ఆయే హైఁ" అన్నాడు, సెక్టర్ క్వార్టర్లవాళ్ళు వచ్చారని. లోపల బట్టలు మడతపెట్టేవాళ్ళంతా బయటికొచ్చి మమ్మల్ని చూసి వెళ్ళారు. టిక్కెట్టు పెట్టి ఉంటే మా మొదటి ఆదాయం అదే అయ్యేది.

మెకానిక్కు దగ్గరికి పరిగెత్తాం. షట్టరు వేసి ఉంది, ఆదివారం. పక్క టీకొట్టువాడు, "రేపు మధ్యాహ్నం వస్తాడు" అన్నాడు. రేపు పొద్దున ఆరింటికి పిండి కావాలి.

తిరిగొచ్చేసరికి ఆవిడ బకెట్ల పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది. గోడవైపు తిరిగిన బోర్డుకేసి చూస్తోంది. ఇలాంటప్పుడు ఒక గురువు ఏదో గొప్ప మాట అనాలి. నేను, "అక్కా, ప్లాను బి చూద్దామా?" అన్నాను. ప్లాను బి లేదు. అది నలభై ఒకటో పేజీలో ఉండాల్సింది.

"మీ ప్లాను పొయ్యిలో ఎట్టండి గానీ," అంటూ ఆవిడ లేచింది, "ఆటో పిలవండి. మా లైన్లో ఎన్ని రోళ్ళున్నాయో తెలుసునా?"

ఇది మీరు ఏ పుస్తకంలోనూ చదవరు కాబట్టి చెబుతున్నాను. మా అమ్మల తరం ఆంధ్రా నుంచి భిలాయి కాపురానికి వచ్చినప్పుడు ట్రంకుపెట్టెతోపాటు రుబ్బురోలు కూడా రైల్లో తెచ్చుకున్నారు. కూలీలు దాన్ని ఎత్తి, తిట్టి, దింపి, మళ్ళీ తిట్టేవారట. మిక్సీలొచ్చాక అవన్నీ పెరట్లో చేరాయి. ఒకరింట్లో దానిమీద తులసి కుండీ. ఒకరింట్లో గేటు కొట్టుకోకుండా అడ్డు. మా ఇంట్లో నాన్న దానిమీద కూర్చుని గడ్డం గీసుకునేవాడు.

ఆ సాయంత్రం సెక్టర్ 6 వెనక లైన్లో ఆరు రోళ్ళు మళ్ళీ ఉద్యోగంలో చేరాయి. బకెట్లతో ఆటో దిగేసరికే వార్త పాకిపోయింది. ఆడవాళ్ళు రోళ్ళు కడిగి సిద్ధం.

"ఏటే, నీ మిషను మూడునెల్లకే ముసిలిదైపోనాదా?"

"ముసిలిదే నయం, నీలాగ నోరు నేదు. పట్టు, ఈ పప్పు నీకు."

పప్పు మూడిళ్ళకి, బియ్యం మూడిళ్ళకి. మా అమ్మాయి ఒక రోలు దగ్గర, పొడుగువాడు ఒక రోలు దగ్గర, వాళ్ళిద్దరి మధ్య నేను పర్యవేక్షణలో. అయిదు నిమిషాల్లో ఒక ముసలమ్మ నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టి, "ఏటి మాస్టారూ, సేతుల్లేవా?" అంది. ఉన్నాయని నిరూపించుకున్నాను. పావుగంటకి అరచేతిలో రెండు బొబ్బలు. వ్యాపారంలో శ్రమ విలువ అనే అధ్యాయం నేను ఆ ఏడాది మొదటినుంచీ చెబుతున్నాను. అది చర్మానికి సంబంధించిన అధ్యాయమని అప్పుడే తెలిసింది.

మా అక్క భర్తకి ఆ వేళ వీక్లీ ఆఫ్. గుమ్మంలో లుంగీతో నిలబడి చూస్తున్నాడు. షరతు పెట్టిన మనిషి. ఈ పిండి పాడైతే పందెం గెలిచేది ఆయనే. కాసేపు చూసి, లుంగీ పైకి మడిచి కట్టి, పొడుగువాణ్ణి పక్కకి నెట్టి రోలు ముందు కూర్చున్నాడు.

"గెట్టిగా తిప్పు. అలా నిమిరితే నలగదు" అంది భార్య.

"మిల్లులో ఫోర్‌మన్ కూడా నన్నిలా అన్నేదు" అన్నాడాయన, తిప్పుతూనే.

ఇంతలో సాయంత్రపు నడకకి వచ్చిన మా అకౌంట్స్ సారు ఆ లైన్లోంచి పోతూ ఆగాడు. ఆరు రోళ్ళు, చుట్టూ జనం, మోచేతుల దాకా పిండితో నేను. "యే క్యా హో రహా హై?" అన్నాడు.

"ముప్పై ఒకటో పేజీ సర్" అన్నాను.

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. విషయం తలకెక్కినట్టుంది, మొహం ఎర్రబడింది. చెప్పులు విడిచి, బావి లేని ఆ ఊళ్ళో కుళాయి దగ్గర బకెట్లో నీళ్ళు పట్టి మోయడం మొదలుపెట్టాడు. ఎగ్జామినరు తన వెరీ గుడ్‌కి బాధ్యత తీసుకోవడం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

పిండి ఒక్కొక్క ఇంటినుంచే వస్తోంది. మా అక్క ప్రతి గిన్నెలోనూ రెండు వేళ్ళు ముంచి, రాసి చూసి, డబ్బాలో పోస్తోంది. అయిదో గిన్నె దగ్గర ఆగింది. అది ఎదురింటావిడది, లైనంతటికీ పెద్దదిక్కు.

"ఇది బరకగా ఉన్నాది వదినా. ఇంకోసారి రుబ్బాల."

లైను మొత్తం రుబ్బడం ఆపేసింది.

"ఓలమ్మా!" అంది ఆ పెద్దావిడ. "నా పిండికి పేరెట్టిన మనిషి ఈ సెక్టర్లో ఇంతవరకు పుట్టనేదు."

"పుట్టనేదు వదినా, ఊరినుంచి వచ్చింది. రోట్లో ఎయ్యి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నేను బొబ్బలు మరిచిపోయాను. ఉచితంగా సాయం చెయ్యడానికొచ్చిన మనిషిని, అదీ వదిన వరసావిణ్ణి, అందరిముందూ వెనక్కి పంపడం. నాకైతే ఆ ధైర్యం ఏడు జన్మలకి రాదు. అందరికీ నచ్చే మనిషిగా ఉండటం వేరు, కొట్టు నడపడం వేరు అని ఆ క్షణంలో అర్థమైంది. పెద్దావిడ గిన్నె లాక్కుని, "నీ ఇడ్లీ రాయిలాగ రావాల" అని దీవించి, మళ్ళీ రోట్లో వేసింది. అంతటితో లైన్లో నవ్వులు మొదలయ్యాయి. మా అమ్మాయి నవ్వలేక పొత్రం మీద వాలిపోయింది. పూర్తిగా చీకటి పడకముందే రెండు డబ్బాలూ నిండాయి.

మర్నాడు పొద్దున అయిదున్నరకి ఆటోలో పిండి, మేం నలుగురం. పిండి అద్భుతంగా పులిసింది. ఎంత అద్భుతంగా అంటే, స్పీడ్ బ్రేకరు దగ్గర మూత లేపుకుని బయటికొచ్చింది. "భయ్యా, యే తో బాహర్ ఆ రహా హై!" అని ఆటోవాడు అరుస్తున్నాడు. పొడుగువాడు ఒక మూత మీద కూర్చున్నాడు, నేను రెండోదాన్ని కౌగిలించుకున్నాను. ఫ్యాక్టరీ గేటులో వాచ్‌మన్ మమ్మల్ని లోపలికి పంపడానికి కొంచెం ఆలోచించాడు.

మొదటి వాయి దిగింది. కాంట్రాక్టరు ఒక ఇడ్లీ తిన్నాడు. రెండోది తిన్నాడు. మా అక్క కొంగుని వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ ఉంది. మూడోది తిని, చెయ్యి కడుక్కుని, "కల్ సే" అన్నాడు. రేపటినుంచి. గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగి, "మషీన్ బఢియా హై ఆప్‌కీ" అన్నాడు, మీ మిషను భలేగా ఉందని.

"ఆఁ, నయా హై" అంది మా అక్క, మొహంలో ఒక్క గీత కదలకుండా.

బయటికొచ్చాక మేం ముగ్గురం పిచ్చివాళ్ళలా గెంతాం. ఆవిడ గెంతలేదు. ఆటో ఎక్కి, "పెయింటరు ఎన్నింటికి వత్తాడు?" అని మాత్రం అడిగింది.

మధ్యాహ్నం కొట్టు ముందు చిన్న జాతర. పెయింటరు బోర్డు తిప్పి ఆవిడ పేరు రాస్తున్నాడు, మొహమంతా ఆనందం, నాలుక బయటపెట్టి మరీ రాస్తున్నాడు. ప్రిన్సిపాల్ గారు స్వయంగా వచ్చారు. సామూహిక శక్తి, స్థానిక వనరులు, కొత్త రాష్ట్రం అంటూ అక్కడే చిన్న ఉపన్యాసం ఇచ్చారు. సేఠు తన మనుషులతో సహా విన్నాడు. అకౌంట్స్ సారు నడుం పట్టుకుని ఒక పక్క నిలబడ్డాడు. నా కళ్ళు కూడా కొంచెం చెమ్మగిల్లాయి. ఇంత పెద్ద ఆపదని ఇంతమందిమి కలిసి దాటాం కదా అని.

అప్పుడు మెకానిక్కు వచ్చాడు. గ్రైండరుని ముట్టుకోలేదు. స్విచ్చి ఒకసారి వేసి, ఆపి, తల పైకెత్తి గోడకేసి చూశాడు. మెయిన్ ఆపి, స్టూలెక్కి, కరెంటు బోర్డులోంచి తెల్లటి పింగాణీ ముక్క ఒకటి బయటికి లాగి మా అందరికీ చూపించాడు. మధ్యలో ఉండాల్సిన తీగ కాలిపోయి ఉంది. లైట్లకీ ఫ్యానుకీ వేరే ఫ్యూజట, గ్రైండరు ప్లగ్గుకి వేరేదట. జేబులోంచి జానెడు తీగ తీసి, చుట్టి, బిగించాడు. స్విచ్చి వేశాడు. గ్రైండరు తిరిగింది.

ప్రిన్సిపాలు, ఇద్దరు లెక్చరర్లు, ఇద్దరు స్టూడెంట్లు, ఒక వ్యాపారవేత్త. అందరం క్వార్టర్లలో బతికినవాళ్ళం. మాలో ఒక్కరం కూడా జన్మలో ఫ్యూజు మార్చి ఎరగం. "సెక్టర్ వాలే" అన్నాడు సేఠు, ఈసారి చాలా ప్రేమగా.

ఆ తొమ్మిది మార్కులు నేను మార్చలేదు. ఈ పేపరు ఎలా చెప్పాలని కదా మీరు అడిగింది. మరుసటి ఏడాది నుంచి మొదటి క్లాసులో నేను పుస్తకం తెరవకుండా పిల్లలందరి చేతా ఫ్యూజు కట్టించేవాణ్ణి. ఫ్యూజు తీగ పవర్ హౌస్ మార్కెట్లో ఏ ఎలక్ట్రికల్ కొట్లోనైనా దొరుకుతుంది. మార్చేముందు మెయిన్ స్విచ్చి ఆపాలి.